మూడు చరణాల పులుసు

మా పెద్దత్తయ్యగారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారని మా ఆయన ఫోన్ చేసినప్పుడు నేను తాడేపల్లిగూడెంలో మా అమ్మ దగ్గర ఉన్నాను. అమ్మకు కంటి ఆపరేషన్ అయితే చుక్కల మందు వేయడానికి వెళ్ళాను. పెద్దత్తయ్యగారు పొద్దున్నే లేచి, టీ తాగి, గ్లాసు తానే కడిగి బోర్లించి, "కాసేపు నడుం వాలుస్తానమ్మా" అని మా అత్తయ్యతో చెప్పి పడుకున్నారట. కాసేపటికి అత్తయ్య వెళ్ళి పిలిస్తే పలకలేదట. "గ్లాసు ఇంకా తడి ఆరలేదు" అన్నారు మా ఆయన. 

"రేపు మధ్యాహ్నం భూస్థాపన అనుకుంటున్నారు. ఇవాళ సాయంత్రంలోగా వచ్చెయ్" అని, ఫోన్ పెట్టేసే ముందు, "నీ పని నీకు గుర్తుందిగా?" అని అడిగారు.

గుర్తుంది. రెండేళ్ళ కిందట ఒక రోజు బెండకాయలు తరుగుతూ తరుగుతూ పెద్దత్తయ్యగారు నాకు ఆ పని అప్పజెప్పారు.

"అమ్మాయ్, నన్ను తీసుకెళ్ళే రోజున సమాధి దగ్గర దోనె కీర్తన నువ్వు ఎత్తుకోవాలి."

ఎత్తుకోవడమంటే పాట మొదలుపెట్టడం. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకుంటారు. ఎత్తుకునే మనిషి గొంతు తడబడితే అందరి పాటా తడబడుతుంది.

"నేనా అండీ? నలుగురిలో నాకు గొంతే రాదు కదండీ."

"పొయ్యి దగ్గర వస్తోందిగా. అక్కడా పొయ్యి మీద పులుసు దాక ఉందనుకో. జనం వైపు చూడకు, దాక వైపు చూడు."

నేను నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు. "చేతిలో చెయ్యి వెయ్యి" అన్నారు. బెండకాయ జిగురు కూడా తుడుచుకోకుండా చెయ్యి వేసి మాటిచ్చాను.

గూడెంలో ఏలూరు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, దోనె కీర్తన లోపల్లోపలే పాడి చూసుకున్నాను. పల్లవి, మూడు చరణాలు. అన్నీ ఉన్నాయి. ఒక్క మాట కూడా పోలేదు. ఇక గొంతు సంగతే తేలాలి.

మా సంఘ పత్రికకు ఆవిడ గురించి నాలుగు మాటలు రాయమని పాస్టరుగారు అడిగారు. నేను ఐదో తరగతితో బడి మానేశాను. ఆ తర్వాత నాకొచ్చిన చదువంతా మా వంటింట్లో వచ్చిందే, ఆవిడ పెట్టిందే. అందుకని ఇందులో తప్పులుంటే సగం నావి, సగం ఆవిడవి అనుకోండి.

పెద్దత్తయ్యగారంటే మా మామయ్యగారి అన్నగారి భార్య. పిల్లల్లేరు. ఆయన చిన్న వయసులోనే పోతే, సంఘంలో బైబిల్ స్త్రీగా చేరి, కొల్లేరు లంకల్లో ఊరూరా తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చెబుతూ, కీర్తనలు నేర్పుతూ, పురిటిళ్ళకి వెళ్ళి ప్రార్థన చేస్తూ ముసలివారయ్యారు. మోకాళ్ళు మొరాయించాక పెదపాడు దగ్గర మా ఊరికి, మా ఇంటికి వచ్చేశారు. నేను కాపురానికి వచ్చేసరికి ఆవిడ మా వంటింట్లో పీట వేసుకుని కూర్చుని ఉన్నారు. ఆ పీట ఇప్పటికీ అక్కడే ఉంది.

కాపురానికి వచ్చిన మూడో రోజు నేను అన్నం ముద్ద చేశాను. పుట్టింట్లో కుక్కరు కూతకి అలవాటుపడిన దాన్ని, ఇక్కడ గిన్నెలో వండి గంజి వారుస్తారు. మా అత్తయ్య గిన్నెలోకి చూసి విసుక్కోకుండా, "ఇవాళ గరిటెతో కొట్టి పెట్టమ్మా" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. పెద్దత్తయ్యగారు దగ్గరికి పిలిచి, "నీ తప్పు కాదమ్మాయ్. అన్నం కీర్తన నీకు తెలీదు కదా" అన్నారు.

ఆవిడ దగ్గర గడియారం లేదు. లంకల్లో తిరిగే రోజుల్లో ఒకటి కొనుక్కుంటే నీళ్ళలో పడిపోయిందట, మళ్ళీ కొనుక్కోలేదు. వంటకు కీర్తనలే గడియారం. పోపు వేగడానికి ఒక పల్లవి చాలు. టీకి పల్లవి, ఒక చరణం. ఎసరు మరిగాక అన్నానికి ఐదు చరణాల కీర్తన ఒకటి, నిదానంగా పాడాలి, కొత్త బియ్యమైతే కాస్త తొందరగా పాడాలి. పప్పుకు మాత్రం ఏ కీర్తనా చాలదనేవారు. "కందిపప్పు ఉడకాలంటే ఆరాధన మొత్తం చెయ్యాలి, కానుకతో సహా."

చేపల పులుసుకు దోనె కీర్తన.

నాకు ఆ కీర్తనల అసలు పేర్లు చాలాకాలం తెలీదు. అన్నం కీర్తన, పులుసు కీర్తన, జావ కీర్తన అనే తెలుసు. పుట్టింట్లో మాకూ చర్చి ఉంది, పండక్కి వెళ్ళేవాళ్ళం. కానీ చివరి వరసలో కూర్చుని పెదాలు కదిపి వచ్చేసేదాన్ని. పుస్తకం తెరిస్తే నా వేలు ఒక అక్షరం దగ్గర ఉండగానే అందరూ చరణం పూర్తి చేసేవారు. ఇక్కడ పొయ్యి దగ్గర ఎవరూ చూడరు కదా అని ఆవిడతో పాటు పాడటం మొదలుపెట్టాను. అన్నం మాడకూడదంటే పాడక తప్పదు మరి. మా అత్తయ్య మాత్రం ఎప్పుడూ గొంతు కలిపేవారు కాదు. "నాకు గొంతు లేదు. మీ ఇద్దరూ పాడుకోండి, నాకు పులుసు పెట్టండి చాలు" అని వసారాలో కూర్చుని బియ్యం ఏరుకునేవారు.

నేను వచ్చిన కొన్నాళ్ళకు ఒక పొద్దున ఆవిడ కళ్ళజోడు కనపడలేదు. రోజూ పొద్దున పొయ్యి వెలిగించే ముందు ఆవిడ ఒక వాక్యభాగం, దాని మీద నాలుగు వాక్యాల ధ్యానం పైకి చదివేవారు. ఆ రోజు పుస్తకం నా చేతికిచ్చి, "కళ్ళజోడు ఎక్కడో పెట్టానమ్మాయ్, ఈ రెండు ముక్కలు నువ్వు చదువు" అన్నారు. నేను ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. ఒక మాట దగ్గర ఆగిపోతే ఆవిడ అందించలేదు, బెండకాయ ముచ్చిక తీస్తూ కూర్చున్నారు. మర్నాడూ కళ్ళజోడు లేదు. ఆ మర్నాడూ లేదు. పెద్దావిడ కదా, కళ్ళజోడు లేకుండా ఎలా అని నాకు బెంగ పట్టుకుంది. ఇల్లంతా వెతికాను. మా ఆయనతో చెప్పి ఏలూరులో కొత్తది చేయించమన్నాను.

మా ఇంట్లో ఒక అలవాటుంది, మీలో చాలామందికి ఉండేదే. అన్నం వండే ముందు ఒక పిడికెడు బియ్యం తీసి ప్రభువు పేరున పక్క డబ్బాలో వేస్తాం, ఆదివారం చర్చికి తీసుకెళతాం. ఆ పిడికెడు ఎప్పుడూ ఆవిడే వేసేవారు. ఆ శనివారం ఆవిడ స్నానానికి వెళితే నేను వేయబోయాను. డబ్బాలో చెయ్యి పెడితే బియ్యం అడుగున చేతిరుమాల్లో చుట్టి కళ్ళజోడు ఉంది.

ఆవిడ స్నానం చేసి వచ్చాక చూపించాను.

"ఓహో, అక్కడుందా" అన్నారు. మొహంలో ఏ మార్పూ లేదు. తీసుకుని పెట్టుకున్నారు. మర్నాడు పొద్దున మళ్ళీ కళ్ళజోడు కనపడలేదు. నేను వెతకలేదు. పుస్తకం తీసుకుని కూర్చున్నాను.

అలా చదువుతూ చదువుతూ ఉండగా ఒక రోజు తెల్లవారి ఒడ్డున నిప్పులు రాజేసి శిష్యులకి ప్రభువు చేపలు కాల్చి పెట్టిన చోటు వచ్చింది. నా ముందు అప్పుడే తోమిన శీలావతి చేప ముక్కలు ఉన్నాయి. ఆవిడ పీట మీద ముందుకు వంగి, "చూశావా, రాత్రంతా వల వేసి అలిసిపోయి వచ్చినవాళ్ళకి వండి పెట్టాడు. వంట చేసిన ప్రభువమ్మా మనది. ఎవరైనా వంటింటి ఆడది అని తీసిపారేస్తే ఈ అధ్యాయం చదివి వినిపించు" అన్నారు. కాసేపాగి, "ఆ చేపలు ఎవరు తోమారో మాత్రం రాయలేదు" అన్నారు. ఇప్పటికీ చేపలు తోముతుంటే నాకు ఆ మాటే గుర్తొస్తుంది, నాలో నేను నవ్వుకుంటాను.

ఆవిడ కీర్తనల పుస్తకం చూస్తే మీకు జాలేస్తుంది. కొల్లేరు నీళ్ళలో రెండుసార్లు పడింది. ఒకసారి వరద వచ్చినప్పుడు బియ్యం కుండలో పెట్టి కుండని అటక మీద పెట్టి కాపాడారు. పులుసు మరకలకైతే లెక్కే లేదు. ఏలూరులో బైండింగ్ చేసే సాయిబుగారు ఒకాయన దాన్ని మూడుసార్లు కుట్టారు. మూడోసారి నేనే వెంట వెళ్ళాను. ఆయన పుస్తకాన్ని పాపాయిని పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇందులో పుస్తకం కంటే నా జిగురే ఎక్కువుందండి అమ్మగారూ. కొత్తది కొనుక్కోరాదా?"

"కొత్తదానికి నా గొంతు తెలీదు కదయ్యా."

ఆయన నవ్వి, అట్టకు గట్టి గుడ్డ వేసి, ఈసారి నీళ్ళలో పడినా తట్టుకుంటుందని చెప్పి ఇచ్చారు. ఆవిడ పోయారని తెలిసి ఆయన కూడా వచ్చారు. సమాధి తోటలో దూరంగా చెప్పులు విడిచి నిలబడ్డారు.

ఇక నా తప్పు గురించి చెప్పాలి. స్త్రీల ఆదివారం నాడు ఆరాధన అంతా ఆడవాళ్ళే నడిపిస్తారు కదా. కిందటి ఏడాది కీర్తన ఎత్తుకోవడానికి పెద్దత్తయ్యగారు నా పేరు రాయించారు. నన్నడగలేదు. అడిగితే ఒప్పుకోనని తెలుసు. మా అన్నం కీర్తనే. "రోజూ పాడేదే కదా, కళ్ళు మూసుకుని పాడొచ్చు" అన్నారు.

నిజంగానే కళ్ళు మూసుకున్నాను. పల్లవి వచ్చింది. మొదటి చరణం వచ్చింది. అందరూ అందుకున్నారు. నా గొంతు నాకే వినపడుతుంటే కొత్తగా ఉంది. రెండో చరణం అయింది. ఇక్కడ ఇంట్లో ఏం జరుగుతుందంటే, రెండో చరణం అయ్యాక ఆవిడ మూత తీసి, ఒక మెతుకు తీసి వేళ్ళతో నొక్కి, "ఇంకో పలుకుంది" అంటారు. మెతుకు నొక్కుతూ పాడలేరు కాబట్టి మూడో చరణం వదిలేసి నాలుగోది అందుకుంటారు. నాకా సంగతి తెలీదు. కీర్తనే అంత అనుకున్నాను. అందుకని చర్చిలో కూడా రెండో చరణం అయ్యాక మెతుకు నొక్కేంతసేపు ఆగి, నాలుగోది ఎత్తుకున్నాను.

పుస్తకం చూస్తున్నవాళ్ళు మూడోది పాడుతున్నారు. నా గొంతు వింటున్నవాళ్ళు నాలుగోది పాడుతున్నారు. కీబోర్డు వాయించే ఆయన వాయించడం మానేసి రెండు చేతులూ పైకెత్తారు. కళ్ళు తెరిచి చూస్తే, మొదటి వరసలో పెద్దత్తయ్యగారు పమిట నోట్లో కుక్కుకుని నవ్వుతున్నారు. నా కుడిచేతి వైపు వేలు చూపిస్తున్నారు. చూసుకుంటే నా బొటనవేలూ చూపుడువేలూ లేని మెతుకుని నొక్కుతున్నాయి.

ఇంటికి వచ్చాక మూడు రోజులు నేను ఎవరి మొహమూ చూడలేదు. నాలుగో రోజు ఆవిడే వచ్చి నా ముందు కూర్చున్నారు.

"తప్పు నాదమ్మాయ్. నీకు అన్నం నేర్పాను గానీ కీర్తన నేర్పలేదు."

"ఇంక నన్ను పాడమనకండి అత్తయ్యగారూ."

"అనను. కానీ నా దగ్గర నువ్విచ్చిన మాట ఒకటుంది. అది మాత్రం వదలను."

ఆ రోజు నుంచి పుస్తకం ముందు పెట్టుకుని, వంటింటి కీర్తనలన్నీ పుస్తకంతో సరిచూసుకున్నాం. జావ కీర్తనలో కూడా ఒక చరణం ఎగిరిపోయి ఉంది, ఉండలు కట్టకుండా కలపాల్సిన చోట. అన్నీ దిద్దుకున్నాం. దోనె కీర్తన మాత్రం దిద్దుకోలేదు. ఎందుకంటే అది ఏ పుస్తకంలోనూ లేదు.

ఆ కీర్తన సంగతి ఆవిడ చెబితే నేను చాలాసార్లు విన్నాను. ఎన్నిసార్లు విన్నా మళ్ళీ చెప్పమనేదాన్ని. పాతరోజుల్లో లంకలకు రోడ్లు లేవు. రెండు తాటిమొద్దులు తొలిచి కలిపి కట్టిన దోనెల మీద వెళ్ళాలి. ఒక లంకలో దోనె నడిపే అవ్వ ఉండేదట. అక్షరం రాదు. వాక్యం చెప్పడానికి ఎవరు వచ్చినా, పంతులుగారైనా, దొరసానైనా, ఆవిడ దోనెలోనే రావాలి. అందరినీ దింపి, తాను గట్టు మీద నిలబడి దూరం నుంచే వినేది. అలా విన్నదాన్ని, దోనె నెట్టే గెడ వేస్తూ పాటగా కట్టుకుంది. మా పెద్దత్తయ్యగారు కొత్తగా పనిలో చేరి ఆ లంకకు వెళ్ళేసరికి ఆ అవ్వ బాగా ముసలిది. మా పెద్దత్తయ్యగారికి ఈత రాదు, నీళ్ళంటే వణుకు. దోనె అంచు రెండు చేతులతో పట్టుకుని బిగుసుకుపోయి కూర్చుంటే అవ్వ అందట, "నీళ్ళ వైపు చూడకమ్మా, నా నోటి వైపు చూడు."

అలా నేర్చుకున్నారు ఆ కీర్తన.

"మన చరిత్ర రాసినవాళ్ళు ఎవరెవరు వచ్చారో రాశారమ్మాయ్. ఎవరి దోనెలో వచ్చారో రాయలేదు" అనేవారు. అందులో కోపం ఉండేది కాదు. దాకని రెండు గుడ్డలతో పట్టుకుని మెల్లగా తిప్పుతూ చెప్పేవారు. చేపల పులుసులో గరిటె పెట్టకూడదు కదా, ముక్క విరిగిపోతుంది. దాకనే తిప్పాలి. "దోనె కూడా ఇలాగే వెళ్ళాలి, లోపల ఉన్నవాళ్ళకు తెలీకుండా" అనేవారు. తర్వాత పల్లవి ఎత్తుకునేవారు.

*దోనె నీది, గెడ నీది, దారి నీదే దేవా.*

మొదటి చరణంలో తెల్లవారి గట్టు వదలడం ఉంటుంది. రెండోదానిలో నీళ్ళ మీద అల్లుకున్న తూటికాడ తీగలు అడ్డుపడితే పక్కకు నెట్టడం. రెండోది అయ్యేసరికి పులుసు బుడబుడా తెర్లేది. చెంచాతో కాస్త తీసి అరచేతిలో పోసుకుని ఉప్పు చూసేవారు. కళ్ళు మూసుకుని చూసేవారు. ఉప్పు చూడటానికి అంతసేపు ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. నేను ఒక్క చుక్క నాలిక మీద వేసుకుంటే తెలిసిపోతుంది. ఆవిడ అలా కళ్ళు మూసుకుని, అరచెయ్యి మూతి దగ్గర పెట్టుకుని, చాలాసేపు ఉండిపోయేవారు. తర్వాత కళ్ళు తెరిచి, "సరిపోయింది" అని, అవతలి గట్టు కనపడే చరణం పాడి పొయ్యి కట్టేసేవారు.

ఆవిడని సమాధి తోటకు తీసుకెళ్ళిన రోజు ఎండ బాగా కాసింది. కాలవ గట్టు వెంట నడిచాం. లంకల నుంచి జనం ఇంతమంది వస్తారని మేం అనుకోలేదు. చేపల మేత తోలే వ్యానులో కొందరు, ఆటోల్లో కొందరు, ముసలివాళ్ళూ పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళూ దిగుతూనే ఉన్నారు. తామరపూలు తెచ్చారు. పెట్టె మీద పూలు పెట్టడానికి చోటు చాలక పక్కన గడ్డి మీద పెట్టారు.

పాస్టరుగారు వాక్యం చదివారు, ప్రార్థన చేశారు. తర్వాత, "ఇప్పుడు అమ్మగారు కోరుకున్న కీర్తన వాళ్ళ కోడలు ఎత్తుకుంటారు" అని నా వైపు చూశారు. అందరూ చూశారు.

నేను వెనక్కి తిరిగాను. మా ఆయన వెనకాల నిలబడి ఉన్నారు.

"ఏవండీ, నా వల్ల కాదండీ" అన్నాను మెల్లగా.

ఆయన ముందుకు వంగి నా చెవిలో ఒకే మాట అన్నారు. "దాక."

అంత దుఃఖంలోనూ నవ్వొచ్చింది నాకు. అక్కడ దాక ఎక్కడుంది? అందుకని నా అరచెయ్యి చూసుకున్నాను. ఉప్పు చూసే అరచెయ్యి. దాని వైపే చూస్తూ పల్లవి ఎత్తుకున్నాను. గొంతు కాస్త వణికింది, తర్వాత కుదుటపడింది. పల్లవి రెండోసారి వచ్చేసరికి లంకవాళ్ళు అందుకున్నారు. ఆ కీర్తన ఇంతమందికి తెలుసని నాకు తెలీదు. నాకు తెలిసి దాన్ని మా వంటింట్లో ఇద్దరమే పాడేవాళ్ళం. వందమంది గొంతులు కలిసేసరికి నా కాళ్ళ కింద నేల మెల్లగా తిరుగుతున్నట్టు అనిపించింది, లోపల ఉన్నవాళ్ళకు తెలీకుండా.

మొదటి చరణం అయింది. రెండోది అయింది. నేను ఉప్పు చూసేంతసేపు ఆగి, గట్టు కనపడే చరణం ఎత్తుకున్నాను. ఎత్తుకున్నది నేను ఒక్కదాన్నే. లంకవాళ్ళంతా వేరేది పాడుతున్నారు.

మళ్ళీ చేశాను అనుకున్నాను. స్త్రీల ఆదివారం నాటి వేడి మొహంలోకి వచ్చింది. నోరు మూసుకున్నాను. వాళ్ళు ఆగలేదు. పాడుతూనే ఉన్నారు, ఎప్పుడూ పాడుకునేవాళ్ళలాగా, హాయిగా. నేను ఎన్నడూ వినని చరణం అది.

*ఒడ్డున నిలిచిన అమ్మల్లారా, ఇళ్ళకు పోయి రండమ్మా,*
*పొయ్యి మీద కూడున్నాది, పిల్లలు చూస్తున్నారమ్మా.*

పెట్టె పక్కన నిలబడి అది విన్నాను. మమ్మల్ని ఇంటికి పొమ్మంటోంది ఆ కీర్తన. కూడు చల్లారిపోతుంది, వెళ్ళి పిల్లలకి పెట్టుకోండి, నేను వెళ్ళొస్తాను అంటోంది. మా అత్తయ్య నా భుజం పట్టుకున్నారు. ఆ చరణం పూర్తయ్యాక లంకవాళ్ళు నా వైపు చూసి ఆగారు, నాలుగోది నువ్వే ఎత్తుకో అన్నట్టు. నేను ఎత్తుకున్నాను. ఈసారి అరచెయ్యి చూసుకోవాల్సిన పని రాలేదు.

మట్టి వేశాక అందరూ చేతులు కడుక్కుంటుంటే లంక నుంచి వచ్చిన ఒక అవ్వ నా దగ్గరికి వచ్చింది. దోనె నడిపిన అవ్వకు మనవరాలట. ఈవిడకీ డెబ్భై దాటి ఉంటాయి. నా గడ్డం పట్టుకుని, "ఏవమ్మా కోడలా, మూడోది మింగేశావేం?" అంది.

"నాకు తెలీదండీ. ఆవిడ నాకు మూడే నేర్పారు. రెండోది కాగానే ఉప్పు చూసేవారు."

"ఉప్పు చూసేదా?"

"కళ్ళు మూసుకుని చూసేవారండీ, చాలాసేపు."

ఆ అవ్వ నవ్వడం మొదలుపెట్టింది. పక్కన ఉన్న లంక ఆడవాళ్ళను పిలిచి, "విన్నారా, ఇంకా అదే అలవాటంట" అని చెప్పి మళ్ళీ నవ్వింది. తర్వాత నాకు చెప్పింది.

మూడో చరణం వచ్చేసరికి దోనె సరిగ్గా కొల్లేరు నడిమికి చేరేదట. గెడ అందీ అందని చోటు అది. అక్కడికి రాగానే మా పెద్దత్తయ్యగారు పాట ఆపేసి, కళ్ళు గట్టిగా మూసుకుని, నోటి మీద చెయ్యి పెట్టుకునేవారట. ఎన్నేళ్ళు తిరిగినా ఆ భయం పోలేదు. అందుకని ఆ చరణం ఆవిడ తరఫున దోనెలో ఉన్నవాళ్ళు పాడేవారట. గెడ అందాక కళ్ళు తెరిచి, "దాటామా?" అని అడిగి, నాలుగోది తాను అందుకునేవారట.

"లోపల పాడుకునేదమ్మా. పెదాలు కదిలేవి. పైకి మాత్రం ఎప్పుడూ మేమే" అంది అవ్వ.

నేను ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించాను. వాళ్ళందరికీ భోజనాలు పెట్టాలి కదా. కీర్తన కూడా అదే చెప్పింది.

నెల దాటింది. పీట ఖాళీగా ఉంటే బాగుండదని ఇప్పుడు నేను దాని మీద కూర్చుంటున్నాను. పొద్దున పుస్తకం చదువుతున్నాను. కళ్ళజోడు బియ్యం డబ్బాలోనే చేతిరుమాల్లో చుట్టి పెట్టాను. పిడికెడు వేసిన ప్రతిసారీ వేలికి తగులుతుంది.

మొన్న మంగళవారం మా ఆయన చెరువు నుంచి శీలావతి తెచ్చారు. తోమి, చింతపండు పిసికి, దాక పొయ్యి మీద పెట్టాను. పల్లవి పాడాను. రెండు గుడ్డలతో దాక పట్టుకుని తిప్పుతూ మొదటిదీ రెండోదీ పాడాను. పులుసు తెర్లింది. చెంచాతో తీసి అరచేతిలో పోసుకున్నాను. మూడో చరణం ఇప్పుడు నాకు వచ్చు, లంక అవ్వ దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. కానీ చెయ్యి మూతి దగ్గర పెట్టుకుని ఉప్పు చూస్తూ ఎవరైనా ఎలా పాడతారు? ఆగిపోయాను. కళ్ళు కూడా అవే మూసుకున్నాయి.

వసారాలో చేటలో బియ్యం ఏరుతున్న చప్పుడు ఆగింది. తర్వాత, గొంతు లేదని ఇన్నేళ్ళూ చెప్పిన మా అత్తయ్య, ఎవరూ వినడం లేదనుకుని కాబోలు, చాలా సన్నగా, ఇళ్ళకు పోయి రండమ్మా అంటూ అందుకున్నారు. నేను కళ్ళు తెరవలేదు. అరచేతిలో పులుసు చల్లారే దాకా అలాగే ఉన్నాను.